సంద్రాలు రాలేదు

మార్చి 2, ఆదివారం

ట్రైలర్ వచ్చింది. ఎన్నిసార్లు చూశానో చెబితే మా మామ్మ నన్ను పట్టుకుని పిచ్చాసుపత్రిలో పడేస్తుంది. 'నీలశంఖం' ఐదో భాగం, ఆఖరిది. ట్రైలర్ నిండా ఆ హీరోగాడి గుర్రాలూ, కత్తులూ, జుట్టు ఎగరేసుకోవడమూను. ఎవడిక్కావాలి? కానీ చివర్లో, ఓడ తగలబడుతున్న చోట, నీళ్లలోంచి ఒక తెడ్డు పైకి లేస్తుంది. రెప్ప వేస్తే పోతుంది. తెడ్డు పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉంది.

ఎర్రగుడ్డ తెడ్డు సంద్రాలుది. మొహానికి సగం తారు, భుజాన వల, నోట్లో చుట్ట. నాలుగో భాగం చివర అందర్నీ పడవెక్కించేసి తను నీళ్లలో మిగిలిపోయిన ముసలిది. "దీపం ఆర్పకండి, వస్తాను" అని మునిగింది. నాలుగేళ్లుగా మునిగే ఉంది. ఇంటర్నెట్లో అందరూ చచ్చిపోయిందనే అంటారు. బతికే ఉందని అనేవాళ్లం ప్రపంచం మొత్తం మీద ఇద్దరమే, నేనూ సుమిత్తూ.

వాడే ఫోన్ చేశాడు.

"సూసినావేట్రా శరత్తూ?"

"చూశాను."

"తెడ్డు?"

"తెడ్డు."

"నానన్నాను గదా వస్తాదని!"

ఇద్దరికీ ఫోన్ పెట్టబుద్ధి కాలేదు. వెనకాల వాళ్ల మామ్మ కాసమ్మ, "ఆ లాంతరు సార్జింగు పెట్టేట్రా, సీకటి పడిపోతంది" అని కేకలేస్తోంది.

మార్చి 9

మామ్మకి మొక్కు సంగతి తెలిసిపోయింది. నా నోరే. వచ్చే నెల మా ఊరి అమ్మవారు ఠాకురాణి యాత్ర కదా, మొక్కు తీరి మన వీధిలో ఎవరెవరు వేషాలు కడుతున్నారో మామ్మ ఏకరువు పెడుతోంటే, "మేమూ కట్టాలేమో" అనేశాను.

పోయిన యాత్రలో అమ్మవారి ముందు నిలబడి మొక్కుకున్నాం. ఆఖరి భాగంలో సంద్రాలు తిరిగొస్తే ఇద్దరం సంద్రాలు వేషం కట్టి బరంపురం వీధులన్నీ తిరుగుతామని. నేను నవ్వుతూ మొక్కాను. సుమిత్ కళ్లు మూసుకుని మొక్కాడు.

మామ్మ మొదట నమ్మలేదు. నమ్మాక మొదలెట్టింది.

"పిల్లల జొరానికి మొక్కుతారు, ఉజ్జోగానికి మొక్కుతారు. సినిమాలో ముసల్దాని కోసం బుడ్డీ ఠాకురాణికి మొక్కుతారేట్రా? తాతలనాటి నుంచి మేస్టర్ల కొంప ఇది! బుద్ధుందేటి నీకు?"

"మొక్కు మొక్కే కదా మామ్మా."

"మొక్కేలే. తీరితే కట్టి తీరాల్సిందే, తప్పదు. ఏసం కట్టినన్నాళ్లూ నీ పేరు నీది కాదు, తెలుసా? ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు. ఏ ఏసమో ఆ పేరే."

నాకు మొహానికి తారు గురించి బెంగ లేదు. మా ఇన్సూరెన్సు ఆఫీసు మేనేజరు సరిగ్గా వేషాలన్నీ తిరిగే దేశిబెహెరా వీధి మలుపులోనే ఉంటాడు. అదీ బెంగ.

మార్చి 16

ఆదివారం కాబట్టి సుమిత్ వాళ్ల ఊరు వెళ్లాను. గోపాలపూర్ పక్కన. వాడు చేపల లారీకి ఐసు ఎక్కించి వచ్చేదాకా కాసమ్మతో కూర్చున్నాను. నా పవర్ బ్యాంకు లాక్కుని తన లాంతరుకి పెట్టుకుంది. అరుగు మీద, సముద్రం కేసి, ఆ లాంతరు సాయంత్రం కాగానే వెలగాలి. మేం పదో తరగతిలో ఉండగా సుమిత్ వాళ్ల నాన్న పైడన్న పడమటి సముద్రం మీద పనికి వెళ్లాడు. ఆ బోటు తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, చెక్కముక్కా దొరకలేదు. అప్పట్నుంచీ లాంతరు. మొదట్లో కిరసనాయిలుది, ఇప్పుడు ఛార్జింగుది. ఊళ్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు. అలవాటైపోయింది.

నాలుగో భాగం టీవీలో వేసినప్పుడు కాసమ్మ మాతోపాటు చూసింది. "ఇదేటి, నన్ను సూసి తీసినారేటి?" అని తెగ మురిసిపోయింది. చుట్ట కాల్చడం మాత్రం ఆ ముసలిదానికి రాదట, పొగ పీల్చడం లేదట.

మార్చి 23

టికెట్లు దొరికాయి. ఇచ్ఛాపురం, మొదటి రోజు, మొదటి ఆట, పక్కపక్క సీట్లు. బరంపురంలో అన్నీ హిందీవే వేస్తున్నారు. సంద్రాలు నోట హిందీ వినడం కన్నా చెవుల్లో సీసం పోయించుకోవడం నయం. మొదటి భాగం నుంచీ మా పద్ధతి ఒకటే. సుమిత్ బండి మీద గిరిసోలా దాటి, ఆంధ్రాలోకి వెళ్లి, తెలుగులో చూసి, తిరుగుదారిలో పకోడీలు తిని, ఇల్లు చేరేదాకా పోట్లాడుకోవడం. ఇదే ఆఖరుసారి.

ఆఖరుసారి అని రాస్తుంటే ఏదోలా ఉంది. ఈ సినిమా అయిపోతే వాడికీ నాకూ మధ్య ఇంకేముందని? వాడిది ఐసూ చేపలూ, నాది పాలసీలూ ప్రీమియాలూ. పన్నెండేళ్లుగా మేం మాట్లాడుకున్నదంతా నీలశంఖమే. సరే, ఇదంతా ఇప్పుడెందుకు.

మార్చి 28, శుక్రవారం

రాలేదు. ఇద్దరూ రాలేదు. సంద్రాలూ రాలేదు, సుమిత్తూ రాలేదు.

పొద్దున్నే వాడి బండి కోసం గోసాని నువాగాం మలుపులో నిలబడ్డాను, కొత్త చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా. ఫోన్ కొడితే స్విచాఫ్. టీ కొట్టువాడు రెండో టీకి జాలిగా చూశాడు. దారిలో ఏదైనా అయిందేమోనని వచ్చే ప్రతి బండినీ చూస్తున్నాను. అప్పుడొచ్చింది మెసేజి. "నువ్వెల్లిపోరా. నాను సూసీసినాను."

చూసేశాడు! మొదట అర్థం కాలేదు. తెల్లారకుండానే వేసిన ఆట ఒకటే, ఇక్కడ, బరంపురంలో. హిందీలో చూసేశాడు. ఒక్కడే. పన్నెండేళ్లు నా పక్కన కూర్చుని చూసినవాడు ఆఖరిదానికి నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టి హిందీలో చూసేశాడు!

బస్సెక్కి వెళ్లాను. ఎందుకు వెళ్లానో కూడా తెలీదు. పక్క సీటు ఖాళీ. మధ్యలో ఎవడో వచ్చి "ఇక్కడెవరైనా ఉన్నారా అన్నా?" అంటే, "ఉన్నారు" అన్నాను.

ఇక సినిమా. థూ.

ఆ తెడ్డు హీరోగాడి చేతిలో ఉంది. అంతే. నీళ్లలోంచి పైకి లేచింది వాడే. సంద్రాలు పడవ మీద, సంద్రాలు తెడ్డుతో, రాకుమారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాట పాడుకుంటూ పోయాడు. "ఈ పడవ ఎవరిది?" అని ఆ పిల్ల అడగనైనా అడగదు. ఒక్క మాట! చచ్చిపోయిందంటే చచ్చిపోయిందనండి, ఏడ్చి ఊరుకుంటాం. బతికుందంటే ఒక్కసారి చూపించండి. ఏదీ లేదు. అసలు అలాంటి మనిషి పుట్టనట్టే తీశారు. దీపం ఆర్పకండని చెప్పి పోయిన మనిషి కోసం జనాన్ని నాలుగేళ్లు ఎదురుచూడనిచ్చి, వీళ్లు మాత్రం మర్చిపోయారు.

పడవ కనిపించిన దగ్గర్నుంచీ నేను తెర చూడలేదు. ముందు సీటు మీద ఎవరో గోటితో గీకిన పేరు చూస్తూ కూర్చున్నాను. జనం చప్పట్లు కొట్టారు.

పకోడీలు తినలేదు.

మార్చి 29

వాడు ఫోన్ చెయ్యలేదు. నేను చెయ్యను.

మార్చి 31

ఆఫీసులో బబ్లూ ఉన్నాడు, మా క్యాషియరు. ఒడియావాడు. కుటుంబంతో హిందీలో చూశాడట, "సూపర్, భాయ్!" అంటున్నాడు. సంద్రాలు సంగతేమిటని అడిగాను.

"ఎవరు?"

"పడవ మనిషి. నాలుగో భాగం."

"ఓహో, ఆ బుడ్డీనా, ముసలిది? అది ఉండేదా? గుర్తే లేదు భాయ్."

మంచినీళ్ల గ్లాసు వాడి నెత్తిన గుమ్మరించకుండా ఆపుకున్నాను. అభిమానుల పేజీలో పెద్ద వ్యాసం రాశాను. ఎవడో కింద నవ్వు బొమ్మ పెట్టి, 'సంద్రాలు ఫ్యాన్స్ అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి సానుభూతి' అన్నాడు. తీసేశాను.

నాకు సుమిత్ మీద కోపం లేదు. కోపమంతా సినిమా మీదే.

ఏప్రిల్ 4

ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. యాత్ర మొదలైంది, వీధంతా లైట్లు కడుతున్నారు.

ఏప్రిల్ 6, ఆదివారం

చేశాను. నేనే చేశాను, సిగ్గు లేకుండా.

"ఎందుకు ముందే చూశావ్?"

"సూడాలనిపించినాది."

"హిందీలోనా?"

"పొద్దున్నే హిందీ ఆటే ఉంది. నీ కన్నా ముందు సూడాల."

"అదే, ఎందుకని! ఇద్దరం అనుకున్నాం కదరా. నీ కోసం రోడ్డు మీద కాపలా కుక్కలా నిలబడ్డాను. ఇంత మోసమా?"

అటు ఐసు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రాదురా," అన్నాడు. "సంద్రంలో పోయినోల్లు రారు. ఆ సంగతి నీ పక్కన కూకుని తెలవకూడదు నాకు. ఒక్కన్నే ఉన్నప్పుడు తెలవాల."

"రాస్తే వస్తుందిరా! ఆ డైరెక్టరుకి రాయడం చేతకాలేదు!"

"ఆఁ, అంతే. ఉంటాను, లారీ వచ్చినాది."

ఇదేం మాట? నేను సినిమా గురించి అడుగుతుంటే వాడేదో మాట్లాడతాడు. ఎంత ఆలోచించినా వాడు చేసింది తప్పే. ఒక్కన్నే ఉన్నప్పుడు తెలవాలట. మరి నేను ఒక్కణ్ణే చూడలేదా?

ఏప్రిల్ 12

మామ్మ మొక్కు విషయం మళ్లీ ఎత్తింది. "మీ ముసల్ది వచ్చినాదేట్రా?"

"రాలేదు."

"అయితే మొక్కు లేదు, ఏసం లేదు. తీరని మొక్కుకి ఏసం కడితే అమ్మోరిని సిగ్గుపెట్టినట్టుంటాది. హమ్మయ్య అనుకో."

హమ్మయ్య.

ఏప్రిల్ 17

బబ్లూ ఫోన్లో వీడియో చూపించాడు. యాత్ర వేషాలు. పులులు, రాక్షసులు, చీరలు కట్టిన మగాళ్లు, వాళ్ల వెనకాల డప్పులు. "ఇది చూడు భాయ్, మీ బుడ్డీ కదా?" సగం మొహం నల్లగా, భుజాన నిజం వల, చేతిలో నిజం తెడ్డు, పిడికి ఎర్రగుడ్డ.

మొహం చూడక్కర్లేదు. ఆ ఎడంకాలు ఈడ్చే నడక నాకు తెలుసు, కాలి మీద ఐసు దిమ్మ పడినప్పటిది.

మళ్లీ నేను లేకుండానే! ఇద్దరం అనుకున్నది ఇది కూడా ఒక్కడే కట్టేశాడు. అదీ తీరని మొక్కుకి. ఇక వాడికీ నాకూ ఏమీ లేదు. రాసి పెట్టుకుంటున్నాను, ఏమీ లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

కడిగేద్దామని వెళ్లాను. నాలుగు మాటలు మొహాన అనేసి వచ్చేద్దామని.

పొద్దు వాలుతోంది. దేశిబెహెరా వీధిలో కాలు పెట్టే సందు లేదు. యాత్రకి కట్టిన అమ్మవారి గుడిసె దగ్గర్నుంచి డప్పులతో వస్తున్నాడు. ఎండకి తారురంగు కరిగి మెడ మీదకి కారుతోంది. చిన్నపిల్లలు తెడ్డు ముట్టుకుని పారిపోతున్నారు.

"సుమిత్!" అన్నాను. తిరగలేదు.

"ఒరే సుమిత్!" ఇంకా గట్టిగా.

డప్పు కొట్టేవాడు నా మీద ఇంతెత్తున లేచాడు. "ఏసం మీదున్నాడు, పేరెట్టి పిలుస్తావేటయ్యా? ఏ ఊరు నీది?"

ఈ ఊరేనయ్యా, తాతల కాలం నుంచీ ఈ ఊరే. వాడితో మాట్లాడాలంటే నాకు ఒక్కటే దారి మిగిలింది. అంతమందిలో, కోపంతోనే పిలిచాను.

"సంద్రాలూ!"

తిరిగాడు. "వచ్చినావేటి," అన్నాడు.

ఒక్క క్షణం అంతా మర్చిపోయాను. నాలుగేళ్లు ఎదురుచూసిన మనిషి తిరిగి చూసినట్టే ఉంది. వెంటనే ఇంకా మండింది.

"రాలేదు కదా. మొక్కు తీరలేదు కదా. ఎందుకు కట్టావ్?"

"తీరకపోతే మెడకి అలాగే ఏలాడతాది గదా, ఎంతకాలమైనా. రాదని తెలిసీసినాక కూడా మొయ్యాలేటి? అమ్మోరికి ఒప్పగించీసి పోదామని."

"మరి నన్ను పిలవలేదేం?"

"నీ మొక్కు సినిమాకి గదరా," అన్నాడు మెల్లిగా.

అప్పుడు తెలిసింది నాకు, వాడు కళ్లు మూసుకుని ఏం మొక్కాడో. ఎంత గాడిదనో తెలిసింది.

ఇంతలో కాసమ్మ కనిపించింది. అమ్మవారిని చూడ్డానికి ఊరి ఆడవాళ్లతో వచ్చింది, మూసిన బట్టలకొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది. వాణ్ణి చూసి లేచింది. ఆవిడ కళ్లు బాగానే కనబడతాయి, చేప కళ్లు చూసి తాజాదో కాదో చెప్పే మనిషి. మనవణ్ణి గుర్తుపట్టకపోవడమేమిటి? కానీ వేషం మీదున్నవాడు మనవడు కాడు. దగ్గరికొచ్చి, తారు మొహంలోకి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలదీసింది.

"ఏమే సంద్రాలూ! అందర్నీ పడవెక్కించినావట గదే. మా పైడన్న ఎక్కినాడేటే?"

డప్పువాడు ఆగిపోయాడు. సుమిత్ తెడ్డుని అటు కింద పెట్టలేడు, ఇటు పట్టుకోలేడు. నేను వెళ్లి ఓ చివర పట్టుకున్నాను. ఇంకేం చెయ్యాలో తెలీలేదు.

"లేదే ముసలమ్మా," అన్నాడు. వాడి గొంతు కాదది. "ఎక్కలేదు. నా పడవలో ఎక్కలేదు."

"ఎనకాల్దాంట్లో?"

"ఎనకాల ఇంకో పడవ లేదు. ఇంక దీపం ఆర్పెయ్."

"ఆర్పెయ్యాలా?"

"ఆర్పెయ్."

కాసమ్మ తిట్టింది. "ఆ మాటేదో ముందే సెప్పొచ్చు గదే, సచ్చినదానా! ఇన్నేళ్లు అరుగు మీద కూకోబెట్టినావు. మంచు, వాన, దోమలు. ఎవరూ సెప్పరు. అడిగితే అందరూ నేల సూపులు సూస్తారు." కొంగు ముడి విప్పి, పది రూపాయల నోటు తీసి వాడి చేతిలో పెట్టి, వంగి కాళ్లకి దండం పెట్టింది. వేషానికి అందరూ పెట్టినట్టే పెట్టింది. పెట్టి ఆ దుమ్ములో అలాగే కూలబడి ఏడ్చింది. వాడు వంగి లేవనెత్తడానికి లేదు, వేషం మీద ఉన్నాడు. నేను లేవనెత్తాను.

నా చొక్కా అంతా తారు. మా మేనేజరు ఎదురింటి డాబా మీంచి చూస్తున్నాడు. చూసుకోనీ.

ఏప్రిల్ 21

నిన్న వీధి మూల దాకా తెడ్డు నేనే మోశాను. మామ్మ చొక్కా నానబెట్టింది. ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

వాళ్ల ఊరు వెళ్లాను. ఊరి పెద్దల్ని పిలిచి పైడన్నకి చెయ్యాల్సినవి చేయించాలని మాట్లాడుకుంటున్నారు. లాంతరు అటక మీద ఉంది. కాసమ్మ నా పవర్ బ్యాంకు తిరిగిచ్చేసింది. "ఇంక నాకెందుకురా, నువ్వే సెల్లుకెట్టుకో" అంది. అరుగు చీకటిగా ఉంటే నాకు కాలు ఎక్కడ పెట్టాలో తెలీలేదు. ఇన్నేళ్లూ ఆ వెలుగులోనే చెప్పులు విప్పేవాణ్ణి.

సుమిత్ చెవి వెనక ఇంకా నలుపు వదల్లేదు. కాసేపు ఐసు ధర గురించి మాట్లాడాడు. తరవాత, "ఇచ్ఛాపురం ఎల్దుమేట్రా? తెలుగులో సూద్దుము, ఇద్దరం" అన్నాడు.

హాలుకి ఫోన్ చేశాను. తీసేశారట! మొన్ననే తీసేశారట! పన్నెండేళ్లు తీసిన సినిమా, నెల తిరగలేదు. హాలువాణ్ణి తిట్టాను, డైరెక్టర్ని తిట్టాను, హీరోగాడి జుట్టుని తిట్టాను. సుమిత్ నవ్వాడు. చాన్నాళ్లకి.

"పోనీలే. తెలుగులో నువ్వు సూసినావు గదా. సెప్పు."

చెప్పాను. మొదట్నుంచీ, గుర్రాలతో సహా. కాసమ్మ చేపలు కడుక్కుంటూ వింటోంది. ఓడ తగలబడే చోటు దాటాను. తెడ్డు లేచే చోటుకొచ్చి ఆగాను. నాలుగేళ్లుగా ఆ సీను ఎలా ఉండాలో నా దగ్గర రకరకాలుగా ఉంది. ముసలిది నీళ్లలోంచి లేచి, చుట్ట ఆరిపోయిందని తిట్టుకుంటూ పడవెక్కుతుంది. అలా చెప్పేస్తే ఎవడడ్డొస్తాడు? సుమిత్ హిందీలో చూశాడు, అయినా ఊరుకుంటాడు. నోటిదాకా వచ్చింది.

"సంద్రాలు రాలేదు మామ్మా," అన్నాను. "పడవ ఒక్కటే వచ్చింది."

కాసమ్మ చేతులు ఆగలేదు. "అది తెలిసిందే గదరా," అంది. "తరవాతేటయినాదో సెప్పు."

తరవాత ఏమైందో నేను చూడలేదు. సుమిత్ అందుకున్నాడు, హిందీలో చూసింది తెలుగులో చెబుతూ, తప్పులన్నీ చేస్తూ. నేను ప్రతి ముక్కకీ అడ్డుపడుతూ విన్నాను.